వాటాల లెక్కకు దారి చూపిన అల్ ఖ్వారిజ్మీ

ఇంటి పెద్ద కన్నుమూసిన తర్వాత రెండు లెక్కలు మిగులుతాయి. ఒకటి, వెళ్లిపోయిన మనిషి అల్లాహ్ సన్నిధిలో ఒప్పజెప్పవలసిన లెక్క. రెండోది, వెనుక ఉన్నవాళ్లు తమలో తాము తేల్చుకోవలసిన ఆస్తి లెక్క. మొదటిది మన చేతిలో లేదు. రెండోది పూర్తిగా మన చేతిలోనే ఉంది. అయినా ఎన్నో ఇళ్లలో ఈ రెండో లెక్క ఏళ్ల తరబడి తేలదు. అన్నదమ్ములు తర్వాత చూద్దామంటారు. అక్కచెల్లెళ్లు అడగడానికి మొహమాటపడతారు. ఎవరికి ఎంత రావాలో కాగితం మీద వేసి చూపించగలవారు ఇంట్లో ఒక్కరూ ఉండరు. చివరికి గట్టిగా మాట్లాడినవాడి మాటే లెక్క అయిపోతుంది.

ఇలా జరగకూడదనే దివ్య ఖుర్ఆన్ వాటాలను పేరుపేరునా నిర్ణయించింది. నిర్ణయించిన వాటాను అంకెల్లోకి మార్చడానికి సామాన్యుడికి కూడా అందే ఒక పద్ధతి కావాలి. ఆ పద్ధతిని పుస్తకంగా రాసి ఇచ్చిన మహామేధావి సుమారు 1,200 ఏళ్ల క్రితం బాగ్దాద్ నగరంలో జీవించాడు. ఆయనే ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ. నర్సీపట్నంలో పదో తరగతి చదువుతున్న మన పిల్లలు లెక్కల పుస్తకంలో వర్గ సమీకరణాలు అనే పాఠం చదివినప్పుడల్లా, తెలియకుండానే ఆయన నాటిన చెట్టు నీడలో కూర్చుంటున్నారు.

ఖ్వారజ్మ్ నుంచి బాగ్దాద్‌కు

అల్ ఖ్వారిజ్మీ క్రీ.శ. 780 ప్రాంతంలో జన్మించారు. ఆయన పేరులోనే ఆయన వంశీయుల ప్రాంతం ఉంది. అరల్ సముద్రానికి దక్షిణాన, అమూ నది దిగువన ఉన్న సారవంతమైన నేల ఖ్వారజ్మ్. నేడు అది ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ దేశాల మధ్య పంచబడి ఉంది.

ఆయన పనిచేసిన చోటు మాత్రం బాగ్దాద్. అబ్బాసీ ఖలీఫా మన్సూర్ 762లో ఆ నగరానికి పునాది వేశారు. చూస్తుండగానే అది నాటి ప్రపంచంలోని గొప్ప నగరాల్లో ఒకటైంది. తూర్పు నుంచి ఒంటెల బిడారులు, దక్షిణాన బస్రా రేవు మీదుగా భారతదేశపు సరుకులు అక్కడికి చేరేవి. సరుకులతోపాటు గ్రంథాలూ చేరేవి. కాగితం తయారీ కూడా 8వ శతాబ్దం ముగిసేలోగా అక్కడికి వచ్చింది. దానితో పుస్తకం రాయడం, నకలు తీయడం చౌక అయింది.

813 నుంచి 833 వరకు ఖలీఫాగా ఉన్న మామూన్ విద్యాభిమాని. ఆయన కాలంలో బైతుల్ హిక్మా, అంటే విజ్ఞాన గృహం, పేరుకెక్కింది. గ్రీకు, పహ్లవీ, సంస్కృత గ్రంథాల సారం అరబీలోకి వచ్చింది. అల్ ఖ్వారిజ్మీ ఆ విజ్ఞాన గృహంలో పండితుడు. గణితం, ఖగోళం, భూగోళం మూడింటిలోనూ ఆయన చేయి తిరిగినవాడు. సత్యం ఏ జాతి వారి దగ్గర దొరికినా స్వీకరించాలనే విశాల దృష్టి ఆ కాలపు ముస్లిం పండితులది. అల్ ఖ్వారిజ్మీ జీవితం అందుకు మంచి ఉదాహరణ.

మన దేశపు అంకెలకు రాయబారి

భారతీయ గణిత శాస్త్రవేత్త బ్రహ్మగుప్తుడు 628లో బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం అనే గ్రంథం రచించారు. సున్నాతో ఎలా లెక్కించాలో అందులో నియమాలు ఉన్నాయి. 8వ శతాబ్దం రెండో భాగంలో, ఖలీఫా మన్సూర్ కాలంలో, భారతీయ ఖగోళ విద్య బాగ్దాద్ చేరింది. అరబీలో దానికి సింద్‌హింద్ అని పేరు వచ్చింది. అల్ ఖ్వారిజ్మీ ఆ సంప్రదాయాన్ని అనుసరించి సూర్యచంద్రుల, గ్రహాల గమనాన్ని తెలిపే పట్టికలు తయారు చేశారు.

అంతకంటే గొప్ప మేలు మరొకటి చేశారు. పది గుర్తులతో ఎంత పెద్ద సంఖ్యనైనా రాయగలిగే భారతీయ పద్ధతిని వివరిస్తూ ఒక పుస్తకం రాశారు. ఒకట్లు, పదులు, వందల స్థానాలు, ఖాళీ స్థానంలో సున్నా, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం అన్నీ అందులో వివరించారు. తాను చెబుతున్నది హిందూ దేశపు లెక్క అని దాచకుండా చెప్పారు. ఇతరుల విద్యను తీసుకున్నప్పుడు వారి పేరు చెప్పడం కూడా ఒక అమానతే కదా.

ఆ పుస్తకం 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్లింది. అల్ ఖ్వారిజ్మీ అనే పేరు లాటిన్ నోట అల్గోరిజ్మి అయింది. మొదట అది ఈ కొత్త లెక్కకే పేరైంది. ఈనాడు కంప్యూటర్‌కు వరుస తప్పకుండా చెప్పే పనిక్రమాన్ని అల్గారిథం అంటున్నాం. ఆ మాటలో దాగి ఉన్నది ఈ మహనీయుడి పేరే.

ఎవరి కోసం ఈ పుస్తకం?

ఆయన పేరును చిరస్థాయిగా నిలిపిన గ్రంథం అల్ జబ్ర్ వల్ ముఖాబలా లెక్క గురించినది. మామూన్ పాలనలోనే దాన్ని రాశారు. ఆ గ్రంథం ముందుమాటలో తన ఉద్దేశం చెప్పుకున్నారు. జనానికి నిత్యం అవసరపడే వారసత్వం, వీలునామా, పంపకం, వ్యాజ్యం, వ్యాపారం, భూమి కొలత, కాలువ తవ్వకం వంటి వాటికి పనికివచ్చే సులభమైన లెక్కను అందించడమే ఆయన లక్ష్యం. పండితుల మెప్పు కోసం రాసింది కాదు. పుస్తకంలో దాదాపు సగభాగం వారసత్వం, వీలునామాల లెక్కలకే ఇచ్చారంటే ఆయన మనసు ఎక్కడుందో తెలుస్తుంది.

జబ్ర్ అంటే విరిగినదాన్ని అతికించి బాగు చేయడం. ఎముకలు కట్టడాన్ని కూడా అరబీలో ఈ మాటతోనే చెబుతారు. లెక్కలో ఒక వైపు ఏదైనా తగ్గి ఉంటే, ఆ తగ్గినదాన్ని రెండు వైపులా కలిపి పూర్తి చేయడం జబ్ర్. ముఖాబలా అంటే ఎదురెదురుగా పెట్టి చూడడం. రెండు వైపులా ఒకే రకమైనవి ఉంటే సరిసమానంగా కొట్టివేయడం. త్రాసులో రెండు పళ్లాల నుంచి సమానమైన రాళ్లు తీసేస్తే ముల్లు కదలదు కదా, అలాగన్నమాట. ఈ గ్రంథం పేరులోని అల్ జబ్ర్ నుంచే అల్జీబ్రా అనే మాట పుట్టింది. తెలుగులో దాన్నే బీజగణితం అంటున్నాం.

ఆయన పుస్తకంలో గుర్తులు, అక్షరాలు లేవు. లెక్క అంతా మాటల్లోనే నడుస్తుంది. తెలియని సంఖ్యను ఆయన షై, అంటే వస్తువు అన్నారు. దాన్ని దానితోనే గుణిస్తే వచ్చే వర్గాన్ని మాల్, అంటే సొమ్ము అన్నారు. ఉర్దూ తెలిసిన మన ఇళ్లలో ఈ రెండు మాటలూ పరిచితమైనవే.

పదిని రెండుగా పంచిన లెక్క

ఆయన ఇచ్చిన లెక్క ఒకటి చూద్దాం. పదిని రెండు భాగాలు చేయాలి. ఒక్కో భాగాన్ని దానితోనే గుణించి, వచ్చిన రెండింటినీ కూడితే 58 రావాలి. ఆ భాగాలేవి?

ఒక భాగం షై అనుకుందాం. రెండోది పదిలో షై తక్కువ. వర్గాలు వేసి కూడితే రెండు మాల్‌లూ, వందా వస్తాయి. అందులోంచి 20 షైలు తగ్గించాలి. అది 58కి సమానం. ఇప్పుడు జబ్ర్ చేద్దాం. తగ్గిన 20 షైలను రెండు వైపులా కలిపితే, ఒకవైపు రెండు మాల్‌లూ వందా, మరోవైపు 58, 20 షైలూ ఉంటాయి. అంతా సగం చేస్తే ఒకవైపు ఒక మాల్, 50. మరోవైపు 29, 10 షైలు. ఇప్పుడు ముఖాబలా. రెండు వైపుల నుంచీ 29 తీసేస్తే ఒక మాల్, 21 కలిసి 10 షైలకు సమానమవుతాయి.

ఇక్కడి నుంచి దారి సులభం. పదిలో ఒక భాగాన్ని రెండో భాగంతో గుణిస్తే 21 వస్తుందని ఆ చివరి వాక్యానికి అర్థం. మన పిల్లలు బడిలో నేర్చే కారణాంకాల పద్ధతి ఇక్కడే అక్కరకొస్తుంది. 21ని రెండు పూర్ణసంఖ్యల లబ్ధంగా ఎన్ని విధాల రాయగలం? ఒకటి ఇరవై ఒకట్లు, లేదా మూడు ఏళ్లు. అంతకు మించి లేవు. మొదటి జత మొత్తం 22. రెండో జత మొత్తం 10. కాబట్టి జవాబు 3, 7. సరిచూద్దాం. మూడు మూళ్లు 9, ఏడు ఏళ్లు 49, మొత్తం 58.

ఈ రకం లెక్కకు రెండు జవాబులుంటాయని అల్ ఖ్వారిజ్మీ స్పష్టంగా గుర్తించారు. షై 3 కావచ్చు, 7 కూడా కావచ్చు. జవాబు లేని సందర్భాన్ని కూడా ఆయన చెప్పారు. పదిలో సగం 5, దాని వర్గం 25. లబ్ధం 25కు మించి అడిగితే ఆ లెక్క అసాధ్యం.

కారణాంకాలు మరో మెలకువ కూడా నేర్పుతాయి. లబ్ధం 21 బదులు 20 అనుకుందాం. ఇరవైని 1, 20 గానూ, 2, 10 గానూ, 4, 5 గానూ రాయవచ్చు. వాటి మొత్తాలు 21, 12, 9. పది రాలేదు. అంటే పూర్ణసంఖ్యల్లో ఈ లెక్కకు జవాబే లేదు. భిన్నాలూ, వర్గమూలాలూ ఒప్పుకుంటే జవాబు ఉంటుంది గానీ, మనుషులనో పశువులనో లెక్కించే చోట అది పనికిరాదు. ఉన్న దారులన్నీ వరుసగా చూసి, ఇక లేవని ధైర్యంగా చెప్పగలగడమే ఈ పద్ధతి బలం.

బొమ్మ గీసి రుజువు

జవాబు చెప్పి ఊరుకోవడం ఆయన స్వభావం కాదు. ఎందుకు నిజమో చూపించేవారు. ఒక మాల్, 10 షైలు కలిసి 39 అయితే షై ఎంత అన్నది ఆయన ప్రసిద్ధ లెక్క. ముందు షై పొడవు భుజంతో ఒక చదరం గీశారు. పది షైలను రెండు సగాలు చేసి, అయిదు వెడల్పున్న రెండు పట్టీలను చదరానికి రెండు పక్కలా అంటించారు. ఇప్పటికి విస్తీర్ణం 39. మూలన అయిదు అయిదుల 25 వైశాల్యం గల చిన్న చదరం ఖాళీగా ఉంది. దాన్ని నింపితే మొత్తం 64, పెద్ద చదరం పూర్తి. దాని భుజం 8. అందులో పట్టీ వెడల్పు 5 తీస్తే షై 3.

ఇదే లెక్కను కారణాంకాలతో చూస్తే, పది తేడా ఉన్న రెండు సంఖ్యల లబ్ధం 39 కావాలి. ఒకటి ముప్పై తొమ్మిదులకు తేడా 38. మూడు పదమూళ్లకు తేడా సరిగ్గా 10. కనుక షై 3. బొమ్మ దారిలో వెళ్లినా, కారణాంకాల దారిలో వెళ్లినా చేరిన ఊరు ఒక్కటే. అల్ ఖ్వారిజ్మీ ఎంచుకున్నది ఏ సంఖ్యకైనా పనికివచ్చే బొమ్మ దారి. రుణ సంఖ్యలను మాత్రం ఆయన జవాబుగా లెక్కించలేదు. భూమికీ సొమ్ముకూ సంబంధించిన లెక్కలో సున్నాకంటే తక్కువ కొలతకు చోటు లేదు మరి.

ఒక తల్లి వదిలిన ఆస్తి

ఇప్పుడు ఆయన పుస్తకంలోని వీలునామా లెక్కకు వద్దాం. ఒక స్త్రీ మరణించింది. భర్త, ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్లు ఉన్నారు. ఆస్తిలో ఎనిమిదో వంతు, ఏడో వంతు రెండూ కలిపి వారసుడు కాని ఒక వ్యక్తికి చెందాలని ఆమె వసియ్యత్ చేసింది. ఎవరికెంత?

దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరా ప్రకారం, సంతానం ఉన్నప్పుడు భర్తకు నాలుగో వంతు. మిగిలినది పిల్లలకు. ఒక కొడుకు వాటా ఇద్దరు కూతుళ్ల వాటాకు సమానం. కొడుకుకు రెండు, ముగ్గురు కూతుళ్లకు మూడు, మొత్తం అయిదు పాళ్లు. నాలుగును అయిదుతో గుణిస్తే 20. ఇరవైలో భర్తకు 5, కొడుకుకు 6, ఒక్కో కూతురికి 3. ఇంతవరకు వారసుల లెక్క.

వీలునామా వారసుల పంపకానికి ముందే తీయాలి. అప్పులు దానికంటే ముందే తీర్చాలి. వీలునామా ఆస్తిలో మూడో వంతుకు మించరాదు. ఎనిమిదో వంతు, ఏడో వంతు కలిపితే 56లో 15. అది మూడో వంతు లోపే. మిగిలింది 56లో 41. ఈ 41ని 20 పాళ్లుగా పంచాలి. 41 ప్రధాన సంఖ్య. దానికీ ఇరవైకీ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. కాబట్టి 56ను పూర్తిగా 20తో గుణించక తప్పదు. 1,120 వస్తుంది. అందులో వీలునామాకు 300, భర్తకు 205, కొడుకుకు 246, ఒక్కో కూతురికి 123. అన్నీ పూర్ణసంఖ్యలే. అంతకంటే చిన్న సంఖ్యతో ఈ పంపకం భిన్నం లేకుండా కుదరదు.

ఈ లెక్కను నర్సీపట్నం పొలాల భాషలోకి మార్చుకుందాం. ఆ తల్లి పేరున 11 ఎకరాల 20 సెంట్ల భూమి ఉందనుకోండి. ఎకరానికి వంద సెంట్లు గనుక అది సరిగ్గా 1,120 సెంట్లు. వీలునామా పొందిన వ్యక్తికి 3 ఎకరాలు. భర్తకు 2 ఎకరాల 5 సెంట్లు. కొడుకుకు 2 ఎకరాల 46 సెంట్లు. ఒక్కో కూతురికి ఎకరా 23 సెంట్లు. అన్నీ కూడి చూడండి, ఒక్క సెంటు కూడా ఎక్కువ తక్కువ కాదు. పన్నెండు శతాబ్దాల నాటి బాగ్దాద్ లెక్క మన గట్ల మీద ఇంత చక్కగా నిలబడుతుంది.

ఆ తల్లి సరిగ్గా మూడో వంతుకే వీలునామా రాసి ఉంటే? మూడు భాగాల్లో రెండు మిగులుతాయి. రెండుకూ ఇరవైకీ 2 ఉమ్మడి కారణాంకం. కాబట్టి మూడును ఇరవైతో గుణించే పనిలేదు, పదితో గుణిస్తే చాలు. మొత్తం 30 పాళ్లు. వీలునామాకు 10, భర్తకు 5, కొడుకుకు 6, కూతుళ్లకు మూడేసి.

మదరసాలో వారసత్వ విద్య చదివిన ఆలిములకు ఈ మెలకువ బాగా తెలుసు. రెండు సంఖ్యల మధ్య నాలుగు రకాల సంబంధాలుంటాయని అక్కడ నేర్పుతారు. రెండూ సమానమైతే తమాసుల్. ఒకటి రెండోదాన్ని భాగిస్తే తదాఖుల్. ఉమ్మడి కారణాంకం ఉంటే తవాఫుఖ్. ఏమీ లేకపోతే తబాయున్. ఖుర్ఆన్ పేర్కొన్న వాటాలు సగం, నాలుగో వంతు, ఎనిమిదో వంతు, మూడింట రెండు వంతులు, మూడో వంతు, ఆరో వంతు. వీటి హారాలన్నీ రెండు, మూడు అనే రెండు ప్రధాన సంఖ్యల నుంచే పుడతాయి. అందుకే 24 పాళ్లు వేస్తే ఈ వాటాలన్నీ భిన్నం లేకుండా ఇముడుతాయి. బడిలో లెక్కల మాస్టారు కారణాంకాలు అన్నా, మదరసాలో ఉస్తాద్ తవాఫుఖ్ అన్నా విషయం ఒక్కటే.

భూమి పటం, చివరి రోజులు

అల్ ఖ్వారిజ్మీ లెక్కలతోనే ఆగలేదు. భూమి స్వరూపం గురించి ఒక గ్రంథం రాశారు. అందులో నగరాలు, పర్వతాలు, సముద్రాలు, ద్వీపాలు, నదులు కలిపి 2,402 స్థలాల అక్షాంశ రేఖాంశాలు ఉన్నాయి. గ్రీకు పండితుడు టాలెమీ మధ్యధరా సముద్రం పొడవును ఉన్నదానికంటే చాలా ఎక్కువగా చూపాడు. అల్ ఖ్వారిజ్మీ దాన్ని నిజానికి దగ్గరగా సరిదిద్దారు. యూదుల పంచాంగం గురించి ఒక చిన్న గ్రంథం, నక్షత్రాల ఎత్తు కొలిచే ఉస్తుర్లాబ్ పరికరం గురించి రచనలు కూడా చేశారు. మామూన్ తర్వాత ఇద్దరు ఖలీఫాల పాలన కూడా చూసి, 850 ప్రాంతంలో ఆయన పరమపదించారు.

ఆయన వెనుక నడిచినవారు

ఒక దీపం నుంచి ఎన్నో దీపాలు వెలిగాయి. ఈజిప్టుకు చెందిన అబూ కామిల్ ఆయన గ్రంథాన్ని ముందుకు తీసుకెళ్లారు. వంద దిర్హములకు వంద పక్షులు కొనే లెక్కల మీద ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశారు. పక్షిని సగం చేసి కొనలేం కనుక అక్కడ పూర్ణసంఖ్యలే జవాబు కావాలి. అలాంటి ఒక లెక్కకు ఆయన 2,676 జవాబులున్నాయని తేల్చారు. ఉమర్ ఖయ్యామ్ ఘన సమీకరణాల దాకా వెళ్లారు. ఆయనను మనం రుబాయీల కవిగానే ఎక్కువ ఎరుగుదుం.

తబ్రీజ్‌కు చెందిన కమాలుద్దీన్ ఫార్సీ 14వ శతాబ్దం తొలినాళ్లలో కారణాంకాలనే అధ్యయన విషయం చేసుకున్నారు. ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడదీయడాన్ని, దాని భాజకాలన్నింటినీ వదలకుండా లెక్కించడాన్ని ఆయన క్రమపద్ధతిలో వివరించారు. ఆ విద్యతో 17,296, 18,416 అనే స్నేహ సంఖ్యల జతను నిరూపించారు. ఒకదాని భాజకాలను, ఆ సంఖ్యను వదిలేసి కూడితే రెండోది వస్తుంది. రెండోదాని భాజకాలను కూడితే మొదటిది వస్తుంది. ఐరోపాలో ఫెర్మా ఇదే జతను 1636లో మళ్లీ కనుగొన్నారు.

అల్ ఖ్వారిజ్మీ బీజగణితాన్ని 1145లో స్పెయిన్‌లోని సెగోవియాలో రాబర్ట్ అనే ఇంగ్లిష్ పండితుడు లాటిన్‌లోకి మార్చారు. తర్వాత టొలెడోలో గెరార్డ్ మరో అనువాదం చేశారు. ఐరోపా విశ్వవిద్యాలయాలు శతాబ్దాల పాటు ఆ విద్య మీద ఆధారపడ్డాయి. 1831లో లండన్‌లో ఫ్రెడరిక్ రోజెన్ ఆ గ్రంథాన్ని అరబీ మూలంతో సహా ఇంగ్లిష్‌లో ప్రచురించారు.

మన తెలుగు నేలకూ ఇందులో ఒక ముచ్చట ఉంది. అల్ ఖ్వారిజ్మీ బాగ్దాద్‌లో ఉన్న 9వ శతాబ్దంలోనే దక్షిణాపథంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, జైన పండితుడు మహావీరాచార్యులు గణిత సార సంగ్రహం అనే సంస్కృత గ్రంథం రచించారు. పావులూరి మల్లన 11వ శతాబ్దంలో దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. అక్కడ అరబీలో, ఇక్కడ తెలుగులో లెక్క సామాన్యుడి భాషలోకి వచ్చిందన్నమాట. విద్య కొందరి ఇనప్పెట్టెలో ఉండిపోకూడదని కోరుకున్నవారు అన్ని మతాల్లోనూ, అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

మన ఇళ్లలో ఏం జరుగుతోంది?

అల్ ఖ్వారిజ్మీ మన వాడని గర్వపడడం సులభం. ఆయన ఏ పని కోసం ఈ విద్యను సిద్ధం చేశారో ఆ పని మన ఇళ్లలో జరుగుతోందా అన్నదే అసలు ప్రశ్న. పెళ్లిలో పెట్టిన సొమ్మే నీ వాటా అని చెప్పి కూతురిని పంపించేస్తున్నాం. వాటా అడిగిన చెల్లెలిని పుట్టింటి గడప దాటించిన చెడ్డదానిలా చూస్తున్నాం. వితంతువు అయిన కోడలికి ఎంత రావాలో ఎవరూ నోరు విప్పి చెప్పరు. తండ్రి పోయిన పదేళ్లకు, ఇరవై ఏళ్లకు లెక్క తీస్తే అప్పటికి వారసుల్లోనూ కొందరు పోయి, వారి పిల్లల వాటాలు కలిసి, చిక్కుముడి ఇంకా బిగుసుకుంటుంది. కోర్టు మెట్లు ఎక్కాక ఆస్తితోపాటు రక్త సంబంధమూ ముక్కలవుతుంది.

ఎకరా 23 సెంట్లు తనదని ఆ కూతురికి తెలిస్తే ఆమె తీసుకోవచ్చు, ఇష్టమైతే అన్నకు వదిలేయవచ్చు. అది ఆమె హక్కు, ఆమె ఔదార్యం. ఎంతో తెలియకుండా వదులుకున్నది ఔదార్యం కాదు, పోగొట్టుకోవడమే. తెలిసి కూడా చెప్పనివాడు రేపు అల్లాహ్‌కు జవాబు చెప్పుకోవాలి.

కాబట్టి తల్లిదండ్రులు ఒక పని చేయవచ్చు. పదో తరగతి చదివే అబ్బాయినీ, ముఖ్యంగా అమ్మాయినీ, ఒక శుక్రవారం సాయంత్రం కూర్చోబెట్టి పైన చెప్పిన లెక్క కాగితం మీద వేయించండి. సంఖ్యలు మార్చి మళ్లీ వేయమనండి. భర్త బదులు భార్య ఉంటే, సంతానం ఉన్నప్పుడు ఆమెకు ఎనిమిదో వంతు. ఒక కొడుకు, ఒక కూతురు ఉంటే మిగిలిన ఏడు వంతులు మూడు పాళ్లు కావాలి. ఏడుకూ మూడుకూ ఉమ్మడి కారణాంకం లేదు. ఎనిమిదిని మూడుతో గుణిస్తే 24. తల్లికి 3, కొడుకుకు 14, కూతురికి 7. పరీక్ష కోసం బట్టీ పట్టిన పాఠం ఇంటి న్యాయానికి ఉపయోగపడుతుందని తెలిస్తే పిల్లలకు లెక్కలంటే భయం పోతుంది. అమ్మానాన్నల వారసులు ఇంకా ఎక్కువ రకాలుగా ఉంటే మసీదు ఇమామ్ గారినో, తెలిసిన ఆలిమ్‌నో అడిగి సరిచూసుకోండి.

అల్ ఖ్వారిజ్మీ ఏ రాజ్యాన్నీ జయించలేదు. కోటలు కట్టలేదు. బలవంతుడికీ బలహీనుడికీ ఒకే జవాబు చెప్పే లెక్కను మాత్రం అందించి వెళ్లారు. ఆ లెక్కను పుస్తకంలోనే ఉంచకుండా మన ఇంటి పంపకంలో అమలు చేయడమే ఆయనకు మనం చూపే నిజమైన గౌరవం. హక్కుదారుల హక్కు వారికి చేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.